క్షేత్రజ్ఞుడు లేని క్షేత్రము

సంస్కృతమున ‘క్షేత్ర’మను మాటకు మూడర్థములు ప్రసిద్ధములు. పంట పండు నేల క్షేత్రము. దేవుడు వెలసిన తావు క్షేత్రము. భగవద్గీత పదమూడవ అధ్యాయము ననుసరించి ఈ శరీరము క్షేత్రము, దీని నెరిగినవాడు క్షేత్రజ్ఞుడు. మన వేదాంతులు మూడవ అర్థమును పట్టుకొని శతాబ్దముల తరబడి భాష్యములు వ్రాసిరి. భక్తులు రెండవ అర్థమును నమ్ముకొని మూటాముల్లె కట్టి యాత్రలు చేసిరి. మొదటి అర్థము మాత్రము, మిగిలిన రెంటికిని మూలమై యుండియు, పట్వారి దస్తరమునకును వ్యవసాయశాఖవారి పట్టికలకును విడిచివేయబడినది. క్షేత్రజ్ఞుడనగా సేద్యము నెరిగినవాడను అర్థము కూడ నిఘంటువులలో ఒక మూల కనబడును గాని, దున్నువానిని ఆ పేరుతో పిలువగా మనము వినము. అయినను ఆ పేరునకు అక్షరాలా తగినవాడు వాడే. ఏ చెలకలో పదును ఎన్ని దినములు నిలుచునో, ఏ మూల రాయి తగిలి గొర్రు విరుగునో, ఏ ఒడ్డు ఎంత వానకు తెగునో వానికి తప్ప మరియొకనికి తెలియదు. అట్టివాడు ఏటికి పదినెలలు ఊరు విడిచి, పరాయి పట్టణమున ముఖమెరుగనివాని మేడకు ఇసుక మోయుచున్నప్పుడు, ఇక్కడి క్షేత్రము ఎవరిది? దానిని విడిచిపోవుట ధర్మచ్యుతియా, ఆపద్ధర్మమా?

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో పుట్టలేదు, పాలమూరులో పుట్టినది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను జనులు నేటికిని పిలుచుకొను పేరది. మహారాష్ట్ర కర్ణాటకములు దాటి వచ్చిన కృష్ణ తెలంగాణమున తొలుత అడుగిడునది ఈ నేలమీదనే. తుంగభద్ర దక్షిణపుటంచును ఒరసికొని పోవును. రెండు మహానదులు కాళ్ళు కడుగుచున్న సీమ కరువునకు పేరుబడుట వినువారికి వింతగా తోచును గాని, నది పల్లమునను చెలక మెరకనుండుటయే దానికి కారణము. నీరు కంటికి కనబడును, గొంతునకు అందదు. సగటున ఏటికి 600 మిల్లీమీటర్ల పైచిలుకు వాన, అదియును మాట తప్పు వాన, తడిని దాచుకొనలేని ఎర్రచెలక, అందులో జొన్న, ఆముదము, కంది, వేరుశనగ: తరతరముల సేద్యమిది. ఈ నేలనుండి పోయిన చేతులే దేశమున ఆనకట్టలు కట్టినవి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము మొదలుకొని, మట్టి ఎత్తవలసిన ప్రతిచోటను ‘పాలమూరు లేబర్’ అను మాట గుత్తేదారుల నోట ఒక జాతి ఎడ్ల పేరు వలె పలుకబడినది. మహాప్రాజెక్టులను నెహ్రూ దేవాలయములతో పోల్చిన సంగతి అందరెరిగినదే. ఆ పోలికయే నిజమగుచో, గుడి కట్టినవారికి తీర్థమైనను దక్కలేదని చెప్పవలసియుండును. సాగరము నీరు వారి చెలకల కెగువకు రాదు, దిగువకు పోవును.

పోవు విధము ఎట్టిదనిన, దసరా నాటికి గుంపు మేస్త్రీ ఊరిలోనికి దిగును. వాడు పరాయివాడు కాడు. మొన్నటిదాక తట్ట మోసినవాడే, వరుసకు మామయో బావయో కాగలడు. ఆలుమగలను ఒక జంటగా లెక్కగట్టి, ఒకరు తవ్వగా ఒకరు మోయు పనికై, ముందుగా కొంత పైకము చేతిలో పెట్టును. దానిని అడ్వాన్సనుట వాడుక. ఆ పైకము ఇంటిలో ఒక రాత్రియైనను నిదురింపదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన పాత అప్పు గుమ్మమున కాచుకొని యుండును. అదియే దానిని కొనిపోవును. అక్కడ పూటబత్తెము మేస్త్రీ ఇచ్చును, లెక్క ఏడాది చివర తేలును. ఖరీఫు కోతలు ముగియగనే, దీపావళి దాటిన కార్తీకమున, కోస్గి, మద్దూరు, నారాయణపేట ప్రాంతముల పల్లెలు బొంబాయికిని పూనాకును బయలుదేరును. అదే కార్తీకమున కురుమూర్తి స్వామి జాతర. చిన్నవడ్డెమానులో దళితులు నియమముతో కుట్టిన ఉద్దాలను, అనగా స్వామి పాదరక్షలను, ఊరేగింపుగా కొండకు కొనిపోవుదురు. దేవునికి క్రొత్త చెప్పులు తొడుగు మాసముననే ఆయన బిడ్డలు చెప్పులరుగ నడచుటకు పోవుదురని నాకు ప్రతియేటను తోచుచుండును. ఇది నా ఊహయే గాని, ఆ ఊరేగింపులో నడచువారెవరును ఇట్లనగా నేను వినలేదు.

వెట్టిచాకిరి రద్దు చట్టము 1976లోను, రాష్ట్రాంతర వలస కార్మికుల చట్టము 1979లోను వచ్చినవి. ఉపాధి హామీ పథకము 2006లో మొదలైనప్పుడు తొలి విడత జిల్లాలలో పాలమూరు కూడ ఒకటి. దాని మాట ఏటికి నూరు దినములు. ఏటికి దినములు 365. మిగిలినవానిని బొంబాయి తీసికొనినది.

ఇట్టివారి గూర్చి మన ధర్మగ్రంథము లేమనుచున్నవని వెదకినచో, నాకు మొదట తట్టినది యక్షప్రశ్నల ఘట్టము. తెలుగు భారతమున అరణ్యపర్వపు శేషమును పూరించిన ఎఱ్ఱన చేతిలో పడిన భాగమిది. సుఖి ఎవడని యక్షుడడుగగా ధర్మరాజు చెప్పిన సమాధానమునకు సారాంశమేమనగా, పొద్దు వాలిన పిమ్మట నైనను తన ఇంట ఆకుకూర వండుకొని తినుచు, ఒకరికి అప్పుపడక, పరదేశమున బ్రతుకక యుండువాడు సుఖి. ఆ సమాధానమున ధనము లేదు, ఆరోగ్యము లేదు, సంతానము లేదు; రెండే రెండు లేమిడులున్నవి. అప్పు లేకుండుట, వలస లేకుండుట. రెంటిని ఒకే ఊపిరిలో చెప్పుటలోని సూక్ష్మము, చెలక దున్నిన కుటుంబములను చూచువరకు నాకు తెలియలేదు. అవి రెండు వేర్వేరు సుఖములు కావు; ఒకదానిని కాపాడుకొనవలెనన్న రెండవదానిని అమ్ముకొనవలసిన జత సుఖములు. ఊరిలో నుండిన అప్పు పెరుగును. అప్పు తీర్చవలెనన్న ఊరు విడువవలెను. ధర్మరాజు ఈ మాట చెప్పినది హస్తినలో సింహాసనమెక్కి కాదు. జూదమున సర్వమును పోగొట్టుకొని, పన్నెండేండ్ల వనవాసపు చివరి దినములలో, దప్పికతో పడియున్న తమ్ముల నడుమ నిలిచి చెప్పినాడు. ప్రవాసి గనుకనే ప్రవాసము లేకుండుట సుఖమని వానికి తెలిసినది. ఇంటిపట్టున నున్నవాని కది తెలియు సంగతి కాదు.

జూదము మాట వచ్చినది గనుక ఒక ముక్క. ఋగ్వేదమున జూదరి పశ్చాత్తాపమును చెప్పు సూక్తమొకటి కలదు. పాచికలు విడిచి పొలము దున్నుకొమ్మని అందలి హితవు. ఆ ఋషికి సేద్యము జూదమునకు విరుగుడుగా కనబడినది. బోరు బావి త్రవ్వించుటకు అప్పు తెచ్చి, మూడువందల అడుగుల లోతున దుమ్ము లేచుట చూచి, మరియొక చోట టెంకాయ అరచేత నిలిపి మరల అప్పు తెచ్చినవానికి ఆ ఋషి ఇప్పుడేమి హితవు చెప్పగలడు? నాగలియే పాచికగా మారిన పిమ్మట ఇక పట్టుకొనుటకు ఏమి మిగిలినది, తట్ట తప్ప?

ఇక పొలము సంగతి. ఒక మనిషి పోయిన వేరొక మనిషి, మనుషులు పోయిన ట్రాక్టరు, కూలి పెరిగిన ధర పెంచవచ్చునని పట్టణమున కూర్చుండి చెప్పువారు కలరు. వారు పదునును ఎరుగరు. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల ప్రాంతమున ప్రవేశించును. నేల జానెడు లోతు తడియు వాన ఒకటి పడినదనుకొనుడు. నల్లరేగడిలో ఆ తడి కొంతకాలము నిలుచును; చెలకలో మూడు నాలుగు దినములే. ఆ మూడు నాలుగు దినములలో గుంటక తోలి, గొర్రు కట్టి, విత్తనము వేసినవానిదే పంట. పూనాలో పదునాలుగవ అంతస్తున సెంట్రింగు కర్రలు మోయుచున్నవానికి వాన కబురు నిమిషములో అందును గాని, మేస్త్రీ అనుమతి, బస్సు, దూరప్రయాణము గడచి వాడు వచ్చునప్పటికి పదును ఆరిపోవును. మరల వాన కొరకు కాచిన జొన్నకు అదను తప్పును. ఆలస్యముగా వేసిన జొన్నను మొవ్వు ఈగ పట్టును. అప్పుడు ఆముదమే దిక్కు. ఆలస్యమునకు ఓర్చును, నీటికి ఏడవదు, పశువు ముట్టదు, కాపలా అడుగదు. మనిషి లేని ఇంటికి తగిన పంట అది. కాని జొన్న పోయిన చొప్ప పోవును, చొప్ప పోయిన ఎడ్లు పోవును, ఎడ్లు పోయిన పెంట పోవును, పెంట పడని చెలక ఏటేట మొరముగా తేలును. తరువాతి సంవత్సరము పంట తగ్గినదని లెక్కలలో వ్రాసికొందురు. ఎందువలన తగ్గినదో చెప్పు గడి ఆ పట్టికలలో ఉండదు.

వానకు ముందు వేసవిలో చేయవలసిన పనులు కొన్ని కలవు. వానికి కూలి కట్టరు, పేరు పెట్టరు, కాని వానిమీదనే ఊరు నిలుచును. తెగిన ఒడ్డు వేయుట, కుంట పూడిక తీసి ఆ ఒండ్రును పొలమునకు తోలుట, తూము చూచుట, విత్తనపు కంకులను ఏరి బూడిద కలిపి కుండలో దాచుట. వేసవియే పట్టణములలో కట్టడపు పని జోరుగా నుండు కాలమగుటచే, సరిగా ఆ నెలలలోనే ఊరిలో చేతులుండవు. బొంబాయి పైసలు వచ్చుచున్నవి నిజమే. వానితో అప్పు తీరును, ఆడపిల్ల పెండ్లి అగును, అదృష్టముండిన ఇంటిపై స్లాబు పడును. కాని ఆ పైసలు తమంతట నడచి పోయి కుంటలో పూడిక తీయలేవు. పదిమంది కలసి తీయవలసిన పూడికకు ఒకని డబ్బు చాలదు, పదిమంది డబ్బును చాలదు. పదిమంది ఒకేనాడు ఊరిలో నుండవలెను. ధనము దూరమునుండి పంపదగినది; సన్నిధి పంపదగినది కాదు. దేవుని విషయమున మనమందరమును ఒప్పుకొను ఈ మాట నేల విషయమున ఏల మరచితిమో!

పురుషుడు పోయిన ఇంట సేద్యము చేయునది స్త్రీ. జంటగా పోయినచో అత్తగారు. కలుపు, నాట్లు, కోత, నూర్పిడి ముందునుండి ఆమెవే గనుక ఇందు క్రొత్త ఏమున్నదని అడుగవచ్చును. నాగేటి చాలున దొరికిన సీతను తల్లిగా కొలుచు దేశమున, ఆడుది నాగలి పట్టిన అరిష్టమను మాట కూడ పుట్టినది. కావున ఆమె దున్నరాదు, దున్నించుకొనవలెను. ట్రాక్టరువాడు రొక్కమిచ్చు పెద్ద కమతములన్నియు ముగించుకొని, పదును ఆరిన పిదప ఆమె చెలకకు వచ్చును. పట్టా పుస్తకము మగని పేరనుండును. బ్యాంకు ఆమెను రైతనదు. 2018లో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు మొదలుపెట్టినప్పుడు సొమ్ము పట్టాదారుని పేర పడినది. పడావు పడిన చెలకకును పడినది, పరుల చెలకను కౌలునకు దున్నినవానికి పడలేదు. క్షేత్రము ఎవరిదను నా ప్రశ్నకు సర్కారు ఇచ్చిన స్పష్టమైన సమాధానమది: కాగితముమీద ఉన్నవానిది. చట్టమునకు అంతకు మించి తెలియవలసిన పని లేదు గనుక దానిని నిందింపను. గీత మాత్రము క్షేత్రమునకు పట్టాదారుని చెప్పలేదు, ఎరుకగలవానిని చెప్పినది.

ఇంతవరకు వ్రాసి, నా వ్రాతను నేనే అనుమానముతో చూచుకొనవలసి వచ్చుచున్నది. నేలతల్లి, పుట్టిన గడ్డ, స్వధర్మము అను మాటలను ఎక్కువగా పలికినవారు ఎక్కువగా దున్నినవారు కారు. నా పూర్వులు కూడ గట్టుమీద గొడుగు క్రింద కూర్చుండి సేద్యము చేయించినవారే. భగేలా కాగితము వ్రాసి, తండ్రి తీసికొనిన అప్పునకు కొడుకు దొర ఇంట జీతముండిన కాలము ఈ సీమలో అంత పాతది కాదు. ఆ కొడుకునకు ఊరిమీది మమకారమును బోధించుట క్రౌర్యము. వాడు బొంబాయికి పోయినప్పుడు మొదటి సారిగా వాని కులమును అడుగనివాడు వానికి పని ఇచ్చెను. హోటలులో బల్లమీద కూర్చుండి చాయ త్రాగెను. అట్లు పోయినవారిలో ఒకడు నాతో, “ఊర్ల ఉంటే పటేలు ముంగట నిలవడాల్నంటి. ఆడ ఎవనికి ఎవడు?” అనెను. ఆ ‘ఎవనికి ఎవడు’ అను మాటను వైరాగ్యమని నేను మొదట పొరబడితిని. అది స్వేచ్ఛ. కాలు విరిగి మంచమున పడిననాడు అదే మాట శాపమగును, అది వేరు సంగతి. 2020 మార్చిలో దేశము తలుపులు మూసికొన్ననాడు, ఆ మహానగరమున ఎవనికి ఎవడో అందరికిని తెలిసినది.

కావున వలసపోవుట ధర్మచ్యుతి యని నేననను. అట్లని కర్మ యనియు అనను. వాని ప్రారబ్ధమట్లున్నదని వాడే అనుకొనినచో అది ఓదార్పు. నుదుటి వ్రాతకు తల వంచుటలో ఒక గౌరవము కూడ ఉన్నది. వాని చెమటతో లేచిన మేడలో నున్నవాడును, వానికి నీరు తేని ప్రభువును, వానికి వడ్డీకిచ్చిన షావుకారును అదే మాట అన్నచో అది సిద్ధాంతము కాదు, సాకు. కర్మసిద్ధాంతము ఉత్తమపురుషలో మాత్రమే పలుకదగిన సిద్ధాంతమని నా నమ్మకము. ప్రథమపురుషలో పలికిన తోడనే అది పాపమగును.

ఈ ఆలోచనలో పడి ఒకనాడు ఆలంపురము పోయితిని. కృష్ణా తుంగభద్రల కూడలియందు కూడవెల్లిలో నుండిన సంగమేశ్వరాలయము శ్రీశైల జలాశయపు ముంపులోనికి రాగా, దానిని రాతికి రాయిగా విప్పి తెచ్చి ఇక్కడ మరల నిలిపిరి. అదే ముంపున పాలమూరు, కర్నూలు జిల్లాల ఊళ్ళు ఎన్నియో మునిగినవి. దేవుని కదలింపవలెనన్న ఆగమమున విధి కలదు: మూర్తియందలి కళను మంత్రపూర్వకముగా కలశమునకు ఆకర్షించి, క్రొత్త తావున మరల ఆవాహన చేయుదురు. నడుమ ఆ కొంతకాలము దేవుడు కుండలోని నీటిలో నుండును. మనుష్యుని ఒక క్షేత్రమునుండి వేరొక క్షేత్రమునకు తరలించుటకు అట్టి విధి ఎవరును వ్రాయలేదు. గుంపు మేస్త్రీ చదువు మంత్రము అంకెలతోడిది. అయినను పూనాలో రేకుల గుడిసెల వరుసలో ఒక రాయికి పసుపు పూసి మైసమ్మ యనియు పోచమ్మ యనియు మ్రొక్కుచున్నవారిని చూచితిని. కలశము లేకయే కళను తమ వెంట మోసికొని పోయినవారు వారు. ఆ గుడిసెలు తరలినప్పుడెల్ల రాయి అక్కడనే మిగిలిపోవును. తరువాతి పనిచోట వేరొక రాయి.

ఒక విషయమున మాత్రము నాకు ఇంకను తృప్తి లేదు. కృష్ణ నీరు ఎత్తిపోసిన చోట్ల, కల్వకుర్తి కాలువ పారిన మండలములలో, పోయినవారు కొందరు తిరిగి వచ్చి వరి వేయుచున్నారు. ఇది సంతోషింపదగినదే, నేలయందు విసుగుతో కాదు, నీరు లేక పోయిరనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. కాని ఆ వరి నాటుటకు ఇప్పుడు బీహారునుండియు, బెంగాలునుండియు గుంపులు వచ్చుచున్నవి. వారికిని మేస్త్రీ కలడు, అడ్వాన్సు కలదు, ఇంట ముసలితల్లి కలదు. వారి పొలములలో ఈ శ్రావణమున ఎవరు నాటుచున్నారు? ఒకరి క్షేత్రమునకు క్షేత్రజ్ఞుడు తిరిగి వచ్చుట వేరొక క్షేత్రమును శూన్యము చేయుచున్నచో, యక్షుని ప్రశ్న మడుగునుండి మడుగునకు మారినదే గాని తీరలేదు.

మా ఊరిలో నాకు వరుసకు పెద్దమ్మ యగు ఒక ముసలమ్మ కలదు. కొడుకు, కోడలు పూనాలో నున్నారు. మూడెకరముల చెలక, ఒక మనుమరాలు ఆమెకు మిగిలినవి. మొన్నటి మృగశిరలో తొలివాన పడిన సాయంకాలము నేను ఆమె అరుగుమీద కూర్చుండగా కొడుకు ఫోను చేసెను.

“అమ్మా, వాన వడ్డదా?”

“వడ్డది కొడుకా. జానెడు దడిసింది.”

“పడమటి చెలకల ఆముదాలు పెట్టియ్యి. తూర్పుదాంట్ల జొన్నలు ఎయ్యి. తూర్పుది మెత్తగుంటది.”

“సరే బిడ్డా.”

నిరుటి భాద్రపదపు వానకు పడమటి చెలక ఒడ్డు తెగి, మన్ను కొట్టుకొనిపోయి, మోకాటిలోతు గండి పడినది. కొడుకు దానిని చూడలేదు. వానికి చెప్పలేదా యని అడిగితిని. “చెప్తే ఆడ అన్నం తినడు” అని ఆమె ఫోను మడతలో పెట్టుకొని లోపలికి పోయి, విత్తుల కుండ దింపి, చేటలో పోసి పుచ్చులు ఏరసాగెను. ఆముదములు మరునాడు తూర్పు చెలకలో పెట్టినది.